ఏడో ట్యాంకు సర్టిఫికెట్

2007 ఫిబ్రవరి నాటికి నేను ప్రోగ్రామర్‌గా చేరి నాలుగేళ్లయింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర టైర్ల షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. మొత్తం ఐదుగురం. మా యజమాని ప్రసాద్ గారు తిరిగి తిరిగి పనులు తెచ్చేవారు, మేము రాసి ఇచ్చేవాళ్ళం. కాలేజీ ఫలితాలు, లారీ ట్రాన్స్‌పోర్టు బుకింగులు, ఆస్పత్రి టోకెన్లు, ఏది వస్తే అది. వాటన్నిటిలో నేను ఇష్టంగా చేసిన పని బందరులోని రొయ్య పిల్లల ల్యాబ్‌ది. మా నాన్న బందరులో చేపల వ్యాపారం చేసేవారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న మాటలే ఆ ల్యాబ్‌లోనూ వినిపించేవి కాబట్టి అక్కడ నేను కొత్తదాన్ని కాదు.

ఆ ల్యాబ్ పని ఏమిటో ముందు చెప్పాలి. సముద్రం ఒడ్డున ఉన్న హేచరీల్లో టైగర్ రొయ్య గుడ్లు పొదిగించి, పిల్లల్ని ట్యాంకుల్లో పెంచుతారు. రైతులు ఆ పిల్లని కొని చెరువుల్లో వదులుతారు. పిల్లలో తెల్లమచ్చల వైరస్ ఉంటే కొన్న రోజున ఎవరికీ తెలియదు. నెలో నెలన్నరో గడిచాక రొయ్యలు గట్టుకు చేరి తేలిపోతాయి. ఒక్క చెరువుతో ఆగదు, ఒకే కాలవ నీళ్ళు వాడుకునే పక్క చెరువులకూ పాకుతుంది. అందుకని ప్రతి ట్యాంకు నుంచి కొంత పిల్లని ల్యాబ్‌కు పంపి పీసీఆర్ అనే పరీక్ష చేయిస్తారు. కంటికి కనిపించని వైరస్‌ని అది పట్టిస్తుంది. ల్యాబ్ అధిపతి శకుంతల గారు సంతకం పెట్టిన సర్టిఫికెట్ చూశాకే రైతు బేరం కుదుర్చుకునేవాడు.

ఆ సర్టిఫికెట్ కోసం హేచరీ వాళ్ళు ప్రతిసారీ బందరు రానక్కర్లేకుండా నేను ఒక వెబ్ ప్రోగ్రాం రాశాను. హేచరీ ఆఫీసులో కూర్చుని తమ పేరుతో లాగిన్ అయితే, పరీక్షలో నెగ్గిన ట్యాంకుల నంబర్లు మాత్రమే ఒక జాబితాలో కనిపిస్తాయి. కావలసిన నంబరు ఎంచుకుని, కొనే రైతు పేరూ ఊరూ రాసి బటన్ నొక్కితే శకుంతల గారి సంతకం బొమ్మతో సర్టిఫికెట్ ప్రింటవుతుంది. అలా బటన్ నొక్కినప్పుడు పేజీలో నింపినవన్నీ తిరిగి మన సర్వర్‌కు చేరడాన్ని మా భాషలో పోస్ట్‌బ్యాక్ అంటారు.

సీజన్ మొదలైన వారానికే ఫోన్లు మొదలయ్యాయి. బటన్ నొక్కితే సర్టిఫికెట్ బదులు పసుపుపచ్చ పేజీ, ఎర్రని ఇంగ్లీషు అక్షరాలు. ‘ఇన్‌వాలిడ్ పోస్ట్‌బ్యాక్’ అని మొదలై పేరాలకు పేరాలు. అందరికీ కాదు, అన్నిసార్లూ కాదు.

“ఏందండీ ఇది? పిల్ల ప్యాకింగ్ అయిపోయి వ్యాన్‌లో ఎక్కించాం. మీ కంప్యూటరేమో ఇంగ్లీషులో తిడతంది” అని ఒక హేచరీ ఆయన అరిచాడు. ఆయన కోపంలో తప్పులేదు. సంచుల్లో ఆక్సిజన్ పట్టి కట్టిన పిల్ల గంటల తరబడి ఆగదు.

ఆ పసుపు పేజీ ఏమిటంటే, ఈవెంట్ వ్యాలిడేషన్ అనే కాపలా. సర్వర్ పేజీని పంపేటప్పుడు తాను ఏయే నంబర్లు జాబితాలో పెట్టి పంపిందో గుర్తుగా ఒక ముద్ర వేసి ఆ పేజీలోనే దాచి పంపుతుంది. పోస్ట్‌బ్యాక్‌లో ఆ ముద్రకు సరిపోని నంబరు వస్తే, ‘ఇది నేనిచ్చింది కాదు’ అని ఆపేస్తుంది. ఎందుకు ఆపుతోందో నిదానంగా కూర్చుని వెతకాల్సిన పని అది. ఆ నిదానం మాకు దొరకలేదు.

“వనజమ్మా, ఇంటర్నెట్‌లో చూశాను. అదేదో ఒక్క మాట ఫాల్స్ అని పెడితే ఈ గోల పోతుందట కదా. పెట్టెయ్యి, తర్వాత చూసుకుందాం” అన్నారు ప్రసాద్ గారు.

ఒక్క మాటే. సెట్టింగుల ఫైల్లో ట్రూ తీసి ఫాల్స్ అని పెట్టాను. ఫోన్లు ఆగిపోయాయి. సాయంత్రం ప్రసాద్ గారు అందరికీ పునుగులు తెప్పించారు. తర్వాత చూసుకుందాం అన్నది ఆయనా మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. ఆయన చెప్పారు కాబట్టి చేశానని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాట అర్థం ఏమిటో ఆ ఆఫీసులో తెలిసింది నాకొక్కదానికే.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం తొమ్మిదిన్నరకు శకుంతల గారి ఫోన్ వచ్చింది. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది.

“వనజా, నా ఎదురుగా నాంచారయ్య గారని ఒక రైతు ఉన్నారు. ఆయన చేతిలో మన సర్టిఫికెట్ ఉంది. ఏడో ట్యాంకు, వైరస్ లేదు అని రాసుంది. నా రిజిస్టర్‌లో ఏడో ట్యాంకు ఫెయిల్. నా రిజిస్టర్ అబద్ధం చెబుతోందా, నీ ప్రోగ్రాం అబద్ధం చెబుతోందా?”

“మేడం, ఫెయిలైన ట్యాంకు అసలు జాబితాలోనే రాదు” అన్నాను.

“రాదని నాకూ తెలుసు. కాగితం మాత్రం వచ్చింది.”

నాంచారయ్య గారికి నిరుడు పంట పోయిందట. అప్పటి నుంచి పిల్లని చెరువు దగ్గరకు తీసుకెళ్ళే ముందు ల్యాబ్ దగ్గర ఆగి కాగితం చూపించుకోవడం అలవాటు చేసుకున్నారు. పిల్ల వ్యాన్ ల్యాబ్ బయట నీడలో ఆగి ఉంది.

ఫోన్ పెట్టేసి నా ప్రోగ్రాం ముందు కూర్చున్నాను. పరీక్ష కోసం పెట్టుకున్న లాగిన్‌తో సర్టిఫికెట్ పేజీ తెరిచి దాన్ని నా కంప్యూటర్‌లో సేవ్ చేశాను. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, జాబితాలో ఉన్న ఒక నంబరు చెరిపి దాని స్థానంలో ఫెయిలైన ట్యాంకు నంబరు రాశాను. ఆ పేజీని బ్రౌజర్‌లో తెరిచి బటన్ నొక్కాను. సర్టిఫికెట్ వచ్చేసింది. శకుంతల గారి సంతకంతో సహా. మొత్తం పని రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎందుకు వచ్చిందో అప్పుడు స్పష్టంగా కనిపించింది. ‘వైరస్ లేదు’ అన్న వాక్యాన్ని పరీక్ష ఫలితం చూసి రాయించలేదు నేను. జాబితాలో నెగ్గినవే ఉంటాయి కదా, వచ్చిన నంబరు ఏదైనా నెగ్గిందే అయి ఉంటుందని ఆ వాక్యాన్ని ముందే అచ్చువేసి పెట్టాను. ఆ లోపాన్ని ఇన్నాళ్ళూ అడ్డుకుని నిలబడ్డది ఆ కాపలా ఒక్కటే. దాన్నీ నేనే తీసేశాను.

ముందు చేయాల్సింది చేశాను. ఫాల్స్ తీసి మళ్ళీ ట్రూ పెట్టాను. సర్వర్ ఏదైనా పోస్ట్‌బ్యాక్‌ని తిప్పికొడితే ఏ లాగిన్ నుంచి, ఏ సమయంలో, ఏ నంబరు వచ్చిందో ఒక ఫైల్లో రాసిపెట్టేలా నాలుగు లైన్లు కలిపాను. పసుపు పేజీ తీసేసి, ‘మీ విన్నపం నమోదు కాలేదు, పేజీని మళ్ళీ తెరవండి’ అని తెలుగులో ఒక్క వాక్యం పెట్టాను. మన ప్రోగ్రాం లోపలి వివరాలు ఊళ్ళో వాళ్ళందరికీ చూపించాల్సిన పనిలేదు. ఫోన్లు మళ్ళీ మోగుతాయని తెలుసు. మోగనీ అనుకున్నాను.

బందరు బయల్దేరుతుంటే ప్రసాద్ గారు తలుపు దగ్గర ఆపారు.

“హేచరీ వాళ్ళు మోసం చేశారని చెప్పు. అది నిజమే కదా. మన సెట్టింగు సంగతి ఎందుకమ్మా మధ్యలో? ఆవిడకు అర్థం కూడా కాదు. ఉన్న ఒక్క మంచి క్లయింట్ పోతారు.”

“సగం చెబితే మిగతా సగం ఎవరు వెతుకుతారు సార్? ఇంకా ఎన్ని కాగితాలు ఇలా బయటికెళ్ళాయో ఆవిడకు తెలియాలి కదా.”

ఆయన తలుపు దగ్గర నుంచి పక్కకు జరిగారు. జేబులోంచి బస్సు ఖర్చులకు తీసి ఇచ్చారు. అదే ఆయన ఒప్పుకున్నట్టు.

ఉయ్యూరు దగ్గర చెరకు లోడు ట్రాక్టర్ల వెనక బస్సు అరగంట పాకింది. ల్యాబ్ చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. శకుంతల గారు రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. నాంచారయ్య గారు బెంచీ మీద కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడి వ్యాన్‌నే చూస్తున్నారు. అరవై దాటిన మనిషి, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని ఉన్నారు.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. హేచరీలో ఎవరో పేజీలో నంబరు మార్చి పంపారని, అలా పంపితే ఆపాల్సిన తనిఖీని మూడు వారాల క్రితం నేనే తీసేశానని, సర్టిఫికెట్ ఇచ్చేముందు ఫలితాన్ని మళ్ళీ చూడకపోవడం కూడా నా తప్పేనని. 

శకుంతల గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ ఏదో అనేలోపే నాంచారయ్య గారు ఇటు తిరిగారు.

“ఎవరు చేశారు, ఎవరు తీశారు అనేది తరవాత చూసుకోవచ్చమ్మాయ్. ఇట్టాంటి కాగితాలు ఇంకెన్ని పోయినయ్యో అది చెప్పు ముందు.”

ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ప్రింటయిన ప్రతి సర్టిఫికెట్‌కూ ట్యాంకు నంబరు, రైతు పేరు, ఊరు మా దగ్గర నమోదై ఉంటాయి. ఆ మూడు వారాల సర్టిఫికెట్లను పరీక్ష ఫలితాలతో జత చేసి, ఫలితం ఫెయిల్ అని ఉన్నవాటిని మాత్రమే చూపించమని అడిగాను. మూడు వరసలు వచ్చాయి. మూడూ ఒకే హేచరీవి. ఒకటి నాంచారయ్య గారిది. రెండోది పెడన వైపు రైతుది. ఫోన్ చేస్తే పిల్ల ఇంకా తెచ్చుకోలేదని తెలిసింది, వద్దని చెప్పేశాం. మూడోది కృత్తివెన్ను వైపు ఏడుకొండలు అనే రైతుది. అతను పిల్లని నాలుగు రోజుల క్రితమే చెరువులో వదిలేశాడు.

శకుంతల గారు అతనికి ఫోన్ చేసి నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పారు. “చెరువులో నీళ్ళు బయటికి వదలొద్దు. తూము కట్టెయ్యండి. వల, బకెట్ ఏదీ పక్క చెరువుకు ఇవ్వొద్దు. సాయంత్రానికల్లా నేను అక్కడ ఉంటాను.”  “కాగితం ఉందిగా మేడం” అన్న మాట ఫోన్‌లోంచి నాకూ వినపడింది.

ఆవిడ బయల్దేరబోతూ నాంచారయ్య గారితో అన్నారు. “ఈ పిల్ల దారిలో నలిగిపోయిందని చెప్పి వెనక్కి పంపండి. అసలు సంగతి ఇప్పుడే బయటపెట్టొద్దు.”

“ఎందుకమ్మా?”

“ఈ పిల్లని రేపు ఇంకొకరికి అమ్మాలంటే హేచరీ వాళ్ళకు మళ్ళీ కాగితం కావాలి.” నా వైపు తిరిగారు. “అది ఈసారి రాదు కదా?”

“రాదు మేడం. అడిగినట్టు మాత్రం మన దగ్గర రాసి ఉంటుంది.”

ఆ రాత్రి బందరులోనే ఉండిపోయాను. మర్నాడు పొద్దున ల్యాబ్‌కు వెళ్ళి సర్వర్ తిప్పికొట్టినవి రాసిపెట్టే ఆ ఫైల్ తెరిచి కూర్చున్నాను. తొమ్మిది దాటాక నాలుగు హేచరీల నుంచి తిరస్కారాలు నమోదయ్యాయి. వాటిలో ఉన్నవి న్యాయమైన నంబర్లే, పాపం. వాళ్ళకు ఫోన్ చేసి, ఆ ఒక్కరోజుకు సర్టిఫికెట్లు ల్యాబ్ నుంచే ఇప్పిస్తామని చెప్పాను. పదింటికి ఐదో పేరు వచ్చింది. ఆ మూడు కాగితాలు తీసిన హేచరీ లాగిన్. వచ్చిన నంబరు, ఏడు. నిమిషం తర్వాత మళ్ళీ ఏడు. ఇంకో మూడు నిమిషాలకు మళ్ళీ ఏడు.

మధ్యాహ్నం హేచరీ మేనేజర్‌ని శకుంతల గారు పిలిపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆవిడ ఆ డబ్బా వైపు చూడనేలేదు. మూడు సర్టిఫికెట్ల నకళ్ళు బల్ల మీద పరిచారు.

“మాకేం తెలుసు మేడం? మీ కంప్యూటరే ఇచ్చింది. మేం నొక్కాం, అది ఇచ్చింది. తప్పుంటే అది రాసినోళ్ళని అడగండి” అన్నాడు తడుముకోకుండా.

అతను చెప్పినదాంట్లో సగం నిజమే. నిన్న నేను నోరు మూసుకుని ఉంటే ఆ సగం నిజంతోనే మమ్మల్ని గెలిచేవాడు.

“నన్ను అడిగారు, నేను ఒప్పుకున్నాను” అన్నాను. “నిన్న పొద్దున దాన్ని సరిచేశాం. ఇవాళ పదింటికి మీ లాగిన్‌కు పంపిన పేజీలో మూడు నంబర్లే ఉన్నాయి. రెండు, నాలుగు, తొమ్మిది. మీ నుంచి తిరిగొచ్చింది ఏడు. లేని నంబరు మౌస్‌తో నొక్కితే రాదండీ. ఎవరో కూర్చుని రాస్తేనే వస్తుంది. అదీ మూడుసార్లు.”

ఆ ఫైల్ ప్రింటు తీసిన కాగితం అతని ముందుకు జరిపాను. అతను చాలాసేపు చదివాడు. “మా ఆపరేటర్ ఏదో...” అని నసిగాడు.

“ఏడో ట్యాంకు పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?” అని అడిగారు శకుంతల గారు.

“ట్యాంకులోనే ఉంది మేడం.”

“మా మనిషిని మీతో పంపిస్తున్నాను. ఆయన కళ్ళముందే క్లోరిన్ వేసి ఆ పిల్లని చంపెయ్యండి. ఇకమీదట మీ శాంపిల్స్ ఇక్కడికి తీసుకురాకండి. ఎందుకు తీసుకోవడం లేదో రైతుల సంఘానికి నేనే ఉత్తరం రాస్తాను.”

అతను లేచి వెళ్ళాక ఆవిడ నన్ను కూర్చోమన్నారు. ప్రోగ్రాం పని ఇంకెవరికైనా ఇస్తామంటారేమో అనుకున్నాను. ఆవిడ అడిగింది వేరు.

“ఇక నుంచి ఏ తనిఖీ తీసెయ్యాలన్నా నాకు చెప్పి, నా సంతకం తీసుకుని తియ్యి. నాకు కంప్యూటర్ అర్థం కాదని మీ వాళ్ళు అనుకోవచ్చు. ఏది తీసేస్తే ఎవరికి నష్టమో చెబితే నాకు బాగానే అర్థమవుతుంది.”

ఆ వారం నేను మొదట్లోనే చేయాల్సిన పని చేశాను. తిరస్కారాల ఫైల్‌ని వరసగా చదివాను. న్యాయంగా నొక్కినవాళ్ళకు కూడా అడ్డంకి ఎందుకు వస్తోందో రెండు కారణాలు తేలాయి. మొదటిది, రెండు యూనిట్లు ఉన్న హేచరీలు యూనిట్ మార్చినప్పుడు ట్యాంకుల జాబితాను నేను వాళ్ళ బ్రౌజర్‌లోనే నింపేస్తున్నాను. పేజీ త్వరగా కదలాలని అలా రాశాను. ఆ నంబర్లు సర్వర్ పంపినవి కావు కాబట్టి వాటికి ముద్ర ఉండదు. జాబితా సర్వర్ నుంచే వచ్చేలా మార్చాను. రెండోది, సముద్రం ఒడ్డున ఫోన్ లైన్ల మీద ఇంటర్నెట్ నత్తనడక నడిచేది. ఆ ముద్ర పేజీ అడుగున ఉంటుంది. పేజీ పూర్తిగా రాకముందే బటన్ నొక్కితే ముద్ర లేకుండా వెళ్ళిపోయేది. పేజీ మొత్తం వచ్చేదాకా బటన్ పనిచేయకుండా పెట్టాను.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చేశాను. ఆ కాపలా చూసేది ‘ఈ నంబరు నేను పంపిన పేజీలోదేనా’ అని మాత్రమే. ఆ ట్యాంకు నెగ్గిందా, అది ఈ హేచరీదేనా అన్నది దానికి తెలియదు. అందుకని సర్టిఫికెట్ ప్రింటయ్యే ముందు ఆ రెండు ప్రశ్నలూ ఫలితాల పట్టికనే అడిగేలా, జవాబు సరిపోతేనే ‘వైరస్ లేదు’ అని రాసేలా మార్చాను. పది రోజుల్లో ఫోన్లు ఆగిపోయాయి. ఈసారి ఆగడానికి కారణం నాకు తెలుసు.

నెల తర్వాత శకుంతల గారితో కలిసి కృత్తివెన్ను వైపు వెళ్ళాను. ఏడుకొండలు చెరువు చుట్టూ ఇంకా బ్లీచింగ్ వాసన పోలేదు. ఉన్న పిల్లనంతా చంపి, నీళ్ళను శుద్ధి చేసి, ఎండబెట్టి, మళ్ళీ నింపుతున్నాడు. చుట్టుపక్కల చెరువులేవీ దెబ్బతినలేదు. అతనికి మాత్రం ఆ పంట కాలం పోయింది. నలభై ఏళ్ళుంటాయి. నేనెవరో శకుంతల గారు చెప్పగానే గట్టు మీద నుంచి దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడాల్సిందే అనుకున్నాను.

“పిల్లని గ్లాసులో పోసుకుని ఎండకి పెట్టి చూశానమ్మా. మాంచి చురుగ్గా ఉంది. ఎంత చూసినా ఏం తెలిసిద్ది? లోపల ఏముందో మా కంటికి కనపడదు. మీ కాగితం చూసే వదిలా.”

“తెలుసండీ” అన్నాను. 

“ఈసారి వచ్చే కాగితం నమ్మొచ్చా?”

“నమ్మొచ్చండీ. నాంచారయ్య గారిలా ల్యాబ్‌లో ఒకసారి చూపించుకుంటే ఇంకా మంచిది.”

అతను నవ్వలేదు గానీ తలూపాడు. మోటారు వైపు నడుస్తూ, “అయితే రేపు పిల్లకి వెళ్తన్నా, ల్యాబ్ ఎన్నింటికి తీస్తారు?” అని శకుంతల గారిని అడిగాడు.

ఆ తర్వాత ఈ వృత్తిలో చాలా ఏళ్ళు గడిపాను. విద్యుత్ బిల్లులు, పరీక్షల హాల్ టికెట్లు, ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టర్ల గేటు పాసులు, ఎన్నో ఫారాలు రాశాను. ప్రతి చోటా ఏదో ఒక రోజు ఎర్రక్షరాల పేజీ వస్తుంది, ఫోన్ మోగుతుంది, ఎవరో ఒకరు ఆ తనిఖీ తీసెయ్యమంటారు. అలా తీసేస్తే పోయేది ఎర్రక్షరాలే, దాని వెనక ఉన్న కారణం ఎక్కడికీ పోదు. అందుకే నేను ముందు ఫైల్ తెరిచి, సర్వర్ ఎవరిని ఆపింది, ఎందుకు ఆపింది అని చూస్తాను. న్యాయమైనవాళ్ళను ఆపుతుంటే నా రాతలో తప్పుందని దిద్దుకుంటాను. ఆపాల్సినవాళ్ళనే ఆపుతుంటే, ఫోన్‌లో ఎంత అరిచినా సరే, ఆపనిస్తాను.